భయస్థానం మారిన మలికథ: 'సైలెంట్ హిల్', 'చంద్రముఖి' కొనసాగింపుల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

భయానక కథకు కొనసాగింపు వచ్చినప్పుడు పాత్రలు, స్థలం, సంఘటనలు ఎంతమేరకు కొనసాగాయన్నదే విమర్శకులు సాధారణంగా చూసే విషయం. భయానికి కారణం ఎక్కడ ఉందని మూలకథ చెప్పింది, మలికథ దాన్ని ఎక్కడికి మార్చింది అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1999, 2001 సంవత్సరాల్లో వచ్చిన 'సైలెంట్ హిల్' వీడియో గేముల కథలను, తెలుగు ప్రేక్షకులకు సుపరిచితమైన 'చంద్రముఖి', 'నాగవల్లి' చిత్రాల కథలతో పక్కపక్కన పెట్టి పరిశీలిస్తుంది. భరతుడు భయానక రసానికి చెప్పిన మూడు విధాలను ఈ పరిశీలనకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: భయానక రసం, వీడియో గేమ్ కథనం, కొనసాగింపు, అపరాధం, సైలెంట్ హిల్, చంద్రముఖి, నాగవల్లి, ఉత్తరకథ

ఉపోద్ఘాతం

వీడియో గేమును కథనరూపంగా పరిశీలించిన తెలుగు పరిశోధన చాలా తక్కువ. ఆట అంటే పిల్లల కాలక్షేపమనో, ఇంజనీరింగ్ కళాశాలల వ్యవహారమనో భావించి సాహిత్య విభాగాలు దాన్ని పక్కన పెట్టాయి. బాలానగర్ పారిశ్రామికవాడ నుంచి మూసాపేట, కూకట్‌పల్లి మీదుగా హైటెక్ సిటీ చేరే దారిలో నిత్యం ప్రయాణించే యువతలో ఎందరో నవల చదివే సమయానికి ఆట ఆడుతున్నారు, లేదా ఇతరులు ఆడుతుండగా ఫోనులో చూస్తున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు 'ఇమేజ్' పేరుతో ప్రత్యేక విధానాన్ని ప్రకటించి, రాయదుర్గంలో అదే పేరుతో ఒక భవన సముదాయాన్ని తలపెట్టింది. బొమ్మ గీయడానికీ కోడ్ రాయడానికీ శిక్షణ నగరంలో దొరుకుతుంది. కథ ఏ ఆధారం మీద నిలబడుతుందో చెప్పవలసిన బాధ్యతలో తెలుగు అధ్యాపకులకూ భాగం ఉంది.

ఈ వ్యాసం కోసం ఎంచుకున్న రెండు జంటల మధ్య ప్రభావ సంబంధం ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. జపాన్ సంస్థ కొనామి రూపొందించిన ఆటలకూ, దక్షిణాది చిత్రాలకూ పరిచయం లేదు. రెండు చోట్లా మొదటి కథకూ రెండో కథకూ మధ్య ఒకే ప్రశ్న తలెత్తింది. వాటికి దొరికిన సమాధానాలు మాత్రం ఎదురెదురు దిశల్లో సాగాయి.

1. భరతుని మూడు భయాలు

భయానక రసానికి స్థాయీభావం భయం అని అందరికీ తెలిసిందే. 'నాట్యశాస్త్రం' ఆరో అధ్యాయంలో భరతుడు ఆ రసాన్ని మరల మూడు విధాలుగా విభజించాడు: వ్యాజం వల్ల కలిగేది, అపరాధం వల్ల కలిగేది, విత్రాసితకం. నటించిన భయం మొదటిది. తాను చేసిన తప్పు వల్ల కలిగే భయం రెండోది. బయటినుంచి వచ్చే బెదిరింపు వల్ల కలిగేది మూడోది. మన పాఠ్యగ్రంథాలు విభావ, అనుభావ, సంచారీభావాల పట్టిక ఇచ్చి ముందుకు సాగిపోతాయి గానీ ఈ విభజన దగ్గర ఎక్కువసేపు ఆగవు. భయాన్ని దాని స్వరూపాన్ని బట్టి కాక, పుట్టుకను బట్టి విభజించడం ఇందులోని విశేషం. దయ్యం ఎలా ఉందన్నది కాక, ఎందుకు వచ్చిందన్నది ఇక్కడ ప్రమాణం అవుతుంది. భరతుడు రంగస్థలం మీది పాత్రల భయం గురించి చెప్పాడు. దాన్ని కొనసాగింపు కథల పరిశీలనకు వాడుకోవడం ఈ వ్యాసపు స్వతంత్ర ప్రయత్నం.

2. 'సైలెంట్ హిల్': పరాయి పీడకల

కెయిచిరో టొయామా దర్శకత్వంలో 1999లో ప్లేస్టేషన్ కోసం మొదటి 'సైలెంట్ హిల్' వెలువడింది. కథానాయకుడు హారీ మేసన్ ఒక రచయిత. భార్య మరణించింది. ఏడేళ్ళ పెంపుడు కూతురు చెరిల్‌తో సెలవులకు సైలెంట్ హిల్ అనే చిన్న పట్టణానికి బయలుదేరతాడు. దారిలో కారుకు అడ్డంగా ఒక అమ్మాయి వస్తుంది. ఆమెను తప్పించబోయి కారు అదుపు తప్పుతుంది. స్పృహ వచ్చేసరికి చెరిల్ కనిపించదు. పట్టణమంతా దట్టమైన పొగమంచు. కాలం కాని కాలంలో మంచు రాలుతూ ఉంటుంది.

బిడ్డ కోసం వెదకడమే కథకు చోదకం. వెదుకుతున్న కొద్దీ పట్టణపు గతం బయటపడుతుంది. డాలియా గిలెస్పీ అనే స్త్రీ తన కులదైవాన్ని ఈ లోకంలోకి రప్పించడానికి ఏడేళ్ళ క్రితం కన్నకూతురు అలెస్సాను అగ్నికి ఆహుతి చేయబోయింది. ఆ పిల్ల చావలేదు. ఆమె ఆత్మలో సగం విడిపోయి పసిబిడ్డ రూపంలో రోడ్డు పక్కన హారీ దంపతులకు దొరికింది. ఆ బిడ్డే చెరిల్. కాలిన శరీరంతో ఆసుపత్రి నేలమాళిగలో సంవత్సరాల తరబడి నరకయాతన పడిన అలెస్సా పీడకలలే పట్టణాన్ని తుప్పు పట్టిన మరో లోకంగా మార్చాయి. బడిలో తోటి పిల్లలు ఆమెను మంత్రగత్తె అని వెక్కిరించిన అవమానం కూడా ఆ పీడకలలో ఒక భాగం.

హారీకి ఈ పాపంలో భాగం లేదు. అతడు ఇతరుల అపరాధం సృష్టించిన లోకంలో నడుస్తున్న నిర్దోషి. భయం అతడికి విత్రాసితకం: ఎదురుగా వచ్చి బెదిరించేది. జేబులోని రేడియో, శత్రువు దగ్గరకు వచ్చినప్పుడు గరగరమంటుంది. చేతిలో ఉన్నది ఒక చిన్న టార్చి. చూడటానికి ముందే వినిపించే ఆ శబ్దాన్ని ఉద్దీపన విభావానికి ఆధునిక ఉదాహరణగా తరగతిలో నిస్సంకోచంగా చెప్పవచ్చు. పొగమంచు వెనుక సాంకేతిక కారణం ఉందన్నది గేమింగ్ చరిత్రలో ప్రసిద్ధమే: దూరంగా ఉన్న వీధులన్నీ ఒకేసారి గీయడానికి ఆ యంత్రం శక్తి చాలదు. ఉన్న లోపాన్ని మంచుతో కప్పారు. మన నాటక సమాజాలు తెర లేని చోట పంచె కట్టి పని జరుపుకోవడం లాంటిదే ఇది; కాకపోతే ఇక్కడ ఆ పంచే నాటకానికి పేరు తెచ్చింది.

3. 'సైలెంట్ హిల్ 2': వెంట తెచ్చుకున్న పీడకల

రెండేళ్ళ తరువాత, 2001లో, మసాషి త్సుబొయామా దర్శకత్వంలో ప్లేస్టేషన్ 2 కోసం మలి ఆట వచ్చింది. కథ రాసినది హిరొయుకి ఒవాకు. మొదటి ఆటను ముగించిన వారు హారీ, చెరిల్ ఏమయ్యారో తెలుసుకోవాలని ఎదురు చూసి ఉంటారు. ఆ పాత్రలెవరూ ఇందులో లేరు. డాలియా లేదు, అలెస్సా లేదు, దైవాన్ని రప్పించే ముఠా కథను నడపదు. మిగిలినవి ఊరి పేరు, మంచు, రేడియో, టార్చి మాత్రమే. చెరిల్ కథ నిజంగా కొనసాగింది 2003 నాటి మూడో ఆటలో. అందువల్ల వంశక్రమంలో మొదటి ఆటకు వారసురాలు మూడోది. రెండోది ఆ ఊరిని మాత్రమే అద్దెకు తీసుకుంది.

జేమ్స్ సండర్‌లాండ్‌కు భార్య మేరీ నుంచి ఉత్తరం వస్తుంది. తమకు ప్రియమైన చోట ఎదురుచూస్తున్నానని అందులో ఉంది. మేరీ జబ్బుతో మూడేళ్ళ క్రితం చనిపోయిందని జేమ్స్ నమ్మకం. అయినా వెళతాడు. అక్కడ మేరీ పోలికలతో, మేరీకి లేని చొరవతో మరియా అనే స్త్రీ తారసపడుతుంది. తల్లి కోసం వెదుకుతున్న ఏంజెలా, అవమానాలు భరించలేక హింసకు దిగిన ఎడ్డీ, ఆసుపత్రిలో మేరీతో స్నేహం చేసిన చిన్నారి లారా కనిపిస్తారు. మేరీని తాను ఎప్పుడు చూసిందో లారా చెప్పే మాటలతో మూడేళ్ళ లెక్క కుదరదు. చివరకు సరస్సు ఒడ్డున ఉన్న హోటల్ గదిలో ఒక వీడియో టేపు నిజం చెబుతుంది: మంచాన పడిన భార్యను దిండుతో అదిమి చంపినది జేమ్సే.

ఈ ఒక్క సంఘటన మొదటి ఆట నియమాన్ని తలకిందులు చేస్తుంది. పట్టణం అందరికీ ఒకేలా కనిపించదు. తండ్రి చేతిలో లైంగిక హింసకు గురై అతణ్ణి చంపిన ఏంజెలాకు లోకం ఎప్పుడూ మంటలే; మండుతున్న మెట్లమీద ఆమెను జేమ్స్ కలిసినప్పుడు, ఆ మంటలు తనకు నిత్యానుభవమని ఆమె తెలియజేస్తుంది. ఏ తప్పూ చేయని లారా నిర్భయంగా వీధుల్లో తిరుగుతుంది. ఆమెకు వికృతరూపాలు కనిపిస్తున్న జాడే లేదు. ఎవరి భయం వారిది. మసాహిరో ఇటో రూపకల్పన చేసిన, తలపై లోహపు శిఖరం మోసే దండధరుడు జేమ్స్‌ను వెంటాడుతూ మరియాను అతడి కళ్ళ ముందే మళ్ళీ మళ్ళీ చంపుతాడు. తనను శిక్షించేవాడు కావాలని తానే కోరుకున్నట్లు జేమ్స్ గ్రహించిన తరువాత ఆ రూపానికి పని ఉండదు. భరతుని పరిభాషలో ఇది అపరాధజన్య భయానకం.

ఉత్తరం విషయంలో రచయిత చేసిన పని ప్రత్యేకంగా గమనించదగ్గది. జేమ్స్ సంచిలో ఉన్న ఆ ఉత్తరాన్ని కథ సాగే కొద్దీ తెరిచి చూస్తే అక్షరాలు మాయమై తెల్లకాగితం మిగులుతుంది. తరువాత అదీ ఉండదు. ఎవరూ ఈ సంగతి చెప్పరు. తెరిచి చూసినవారికే తెలుస్తుంది. కథకుడు అబద్ధమాడుతున్నాడని నవలలో తెలియజేయడానికి ఎంతో నేర్పు కావాలి. ఇక్కడ ఒక వస్తువు మౌనంగా ఆ పని చేసింది.

మొదటి ఆట కథ బలహీనమైనదని నేననను. అలెస్సా బాధ ఎంతో లోతైనది. కానీ అది మరొకరి బాధ. హారీ దాన్ని తెలుసుకుంటాడు, జాలిపడతాడు, బిడ్డను కాపాడుకోవాలని పోరాడతాడు. జేమ్స్‌కు తెలుసుకోవలసినది తన గురించే. అందుకే రెండు దశాబ్దాల తరువాత, 2024లో పోలండ్ సంస్థ బ్లూబర్ టీమ్ ఈ ఆటను తిరిగి నిర్మించినప్పుడు కొత్త తరానికి కూడా కథ పాతబడినట్లు అనిపించలేదు. ఒక ఆక్షేపణ మాత్రం తప్పదు. మేరీ మనకు భర్త జ్ఞాపకాల్లోనుంచే కనిపిస్తుంది. ఆమె సొంత గొంతు చివరి ఉత్తరంలో గానీ పూర్తిగా వినిపించదు. పురుషుడి పశ్చాత్తాపానికి స్త్రీ మరణం సాధనం కావడం ప్రపంచ సాహిత్యానికి కొత్త కాదు. ఈ ఆట కూడా దాన్ని దాటలేదు.

4. చిత్రగుప్తుని చిట్టా

రెండు ఆటలకూ ఒకటికంటే ఎక్కువ ముగింపులున్నాయి. మొదటిదాంట్లో పోలీసు అధికారిణి సిబిల్‌ను కాపాడటం, వైద్యుడు కాఫ్‌మన్ రహస్యాన్ని వెలికితీయడం వంటి బాహ్యకార్యాలను బట్టి ముగింపు మారుతుంది. ఫలితం కార్యసిద్ధిని అనుసరిస్తుంది.

రెండో ఆటలో అలా కాదు. ఆడేవారు మేరీ ఫోటోను ఎన్నిసార్లు చూశారు, ఏంజెలా ఇచ్చిన కత్తిని పరీక్షించారా, గాయపడిన జేమ్స్‌కు చికిత్స చేయకుండా అలాగే తిప్పారా, మరియా పక్కన ఎంతసేపు ఉన్నారు వంటి చిన్నచిన్న ప్రవర్తనలను ఆట చడీచప్పుడు లేకుండా నమోదు చేసుకుంటుంది. వాటిని బట్టి జేమ్స్ లారాతో ఊరు విడిచి వెళతాడో, మరియాతో వెళ్ళి అదే తప్పు తిరగరాసుకుంటాడో, సరస్సులో ప్రాణం తీసుకుంటాడో నిర్ణయమవుతుంది. ఇది చిత్రగుప్తుని చిట్టా వంటిది: లెక్క రాస్తున్నారని తెలియని సమయంలో చేసినదే లెక్కకు వస్తుంది. కథలోని అపరాధం ఆడేవారి వేళ్ళ దాకా చేరడం ఈ నిర్మాణం వల్లనే. యూట్యూబులో ఇతరులు ఆడగా చూసేవారికి కథ మొత్తం తెలుస్తుంది, ఈ బాధ్యత మాత్రం అందదు. పరిశోధకులు కథాసారాంశాలను మాత్రమే చదివి ఆటలపై వ్యాసాలు రాయకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

5. ఉత్తరకథ మనకు కొత్తది కాదు

కొనసాగింపు కథ బయటి శత్రువును వదిలి నాయకుడి చర్యవైపు తిరగడం పాశ్చాత్య, జపాన్ సంప్రదాయాల సొత్తని అనుకోనక్కరలేదు. యుద్ధకాండతో రావణుడు ముగుస్తాడు. ఉత్తరకాండలో సీతకు కష్టం తెచ్చినది రాక్షసుడు కాదు, రాముడి నిర్ణయం. తిక్కన మహాభారతానికి ముందే 'నిర్వచనోత్తర రామాయణం' రాశాడు. తరువాతి కాలంలో కంకంటి పాపరాజు 'ఉత్తర రామాయణం' రచించాడు. భవభూతి 'ఉత్తరరామచరితం' మూడో అంకంలో పంచవటికి తిరిగి వచ్చిన రాముడు, ఒకప్పుడు భార్యతో తిరిగిన చోట్లు చూసి మూర్ఛపోతాడు. సీత అతడి కంటికి కనబడకుండా పక్కనే ఉంటుంది. ప్రియమైన చోటు, పోగొట్టుకున్న భార్య, తన చేతనే జరిగిన అన్యాయం — ఈ మూడూ జేమ్స్ కథలో ఉన్నవే. భవభూతి దీన్ని కరుణంగా మలిచాడు. అదే సామగ్రి జపాన్ రచయిత చేతిలో భయానకమైంది.

6. 'చంద్రముఖి' నుంచి 'నాగవల్లి'కి

ఈ నేపథ్యంలో తెలుగు తెర మీద జరిగినది విచిత్రంగా కనిపిస్తుంది. 1993లో ఫాజిల్ దర్శకత్వంలో, మధు ముట్టం రచనతో మలయాళంలో 'మణిచిత్రతాళు' వచ్చింది. దాన్ని పి. వాసు 2004లో కన్నడంలో 'ఆప్తమిత్ర'గానూ, 2005లో తమిళంలో 'చంద్రముఖి'గానూ తీశారు. తమిళ చిత్రం అనువాదమై తెలుగునాట ఘనవిజయం సాధించింది. కన్నడ చిత్రంలో గంగ పాత్ర ధరించిన సౌందర్య ఆ చిత్రం విడుదల కాకముందే 2004 ఏప్రిల్ 17న విమాన ప్రమాదంలో మరణించారు.

మూలకథలో దయ్యం లేదు. పాత భవనంలో మూసి ఉన్న గది తలుపు తెరిచిన గంగ, రాజు చేతిలో బలైన నర్తకి కథ విని ఆ నర్తకే తానని భావిస్తుంది. చుట్టూ ఉన్నవారు ఆవేశమన్నదాన్ని మనోవైద్యుడు వ్యాధిగా గుర్తిస్తాడు. చికిత్స కోసం అతడు దుర్గాష్టమి రాత్రి ఒక నాటకం ఆడతాడు: తానే రాజుగా కనిపించి, చివరి క్షణంలో మనిషి స్థానంలో బొమ్మను పెట్టి, ఆమె పగ తీర్చుకున్నట్లు నమ్మిస్తాడు. భరతుడు చెప్పిన వ్యాజం ఇక్కడ వైద్యానికి పనిముట్టయింది. మంత్రశాస్త్రవేత్తను తరిమేయకుండా వైద్యుడు అతడితో కలిసి పనిచేయడం కథకు గౌరవం తెచ్చింది.

భాష విషయంలో జరిగిన మార్పు పరిశోధకులకు మంచి సామగ్రి. మలయాళంలో నర్తకి తంజావూరు తమిళ స్త్రీ. తమిళంలో ఆమె విజయనగరపు తెలుగు స్త్రీ అయింది. 'రారా' అన్న పాట తమిళ చిత్రంలోనే తెలుగులో ఉంది. తెలుగు అనువాదంలో ఆ స్థానంలో 'వారాయ్' అన్న తమిళ పాట వచ్చింది. 2007 నాటి హిందీ 'భూల్ భులయ్యా'లో నర్తకి బెంగాలీ. ఏ భాషలో చిత్రం తీసినా నర్తకి పొరుగు భాష మాట్లాడుతుంది. ఇల్లాలి నోట తనకు రాదనుకున్న భాష పలకడమే వ్యాధి లక్షణం. ఆ లక్షణం పోకూడదని అనువాదకులు దిశ మార్చి తమిళాన్ని తెచ్చారు. ఇది సాధారణ డబ్బింగ్ పని కాదు, కథ కీలకం తెలిసి చేసిన పని.

'నాగవల్లి' 2010 డిసెంబరు 16న విడుదలైంది. అది 'ఆప్తరక్షక' అనే కన్నడ కొనసాగింపుకు తెలుగు రూపం. 'ఆప్తరక్షక' కథానాయకుడు విష్ణువర్ధన్ కూడా ఆ చిత్రం విడుదలకు ముందే, 2009 డిసెంబరు 30న మరణించారు. ఈ రెండు మరణాలను కలిపి కల్పించిన శాపకథలు నేటికీ ప్రచారంలో ఉన్నాయి. తెర మీద వ్యాధి అని నిరూపించిన కథను తెర బయట జనం మళ్ళీ దయ్యం కథగా మార్చుకున్నారు. మలి చిత్రం తెర మీద చేసినదీ దాదాపు అదే.

నర్తకి చిత్రపటం ఒక కుటుంబం ఇంటికి చేరుతుంది. కీడు మొదలవుతుంది. పెద్ద పాము ఇంట తిరుగుతుంది. మొదటి చిత్రంలోని వైద్యుడికి శిష్యుడైన డాక్టర్ విజయ్ రంగంలోకి వస్తాడు. ఇక్కడివరకు మూలకథ నియమం చెల్లుతుంది. తరువాత కథ మలుపు తిరుగుతుంది: నర్తకిని చంపిన రాజు నాగభైరవ రాజశేఖరుడు నూరేళ్ళు దాటినా క్షుద్రసాధనతో ఇంకా బతికే ఉన్నాడు. వైద్యుడిగానూ రాజుగానూ నటించినది వెంకటేశే.

'సైలెంట్ హిల్ 2' బయటి భయాన్ని లోపలికి తీసుకువెళితే, 'నాగవల్లి' లోపలి భయాన్ని బయటికి తెచ్చి కోటలో కూర్చోబెట్టింది. కారణం ఊహించడం కష్టం కాదు. పెద్ద కథానాయకుడికి ఎదురు నిలిచే ప్రతినాయకుడు కావాలి. వ్యాధితో కత్తియుద్ధం చేయలేడు. అయితే వైద్యుడికీ రాజుకీ ఒకే ముఖం ఇవ్వడంలో ఒక అవకాశం ఉండేది. మొదటి చిత్రంలో వైద్యుడు చికిత్స కోసం రాజు వేషం కట్టాడు. ఒక స్త్రీ మనసును నయం చేయడానికి ఆమెను హింసించినవాడి రూపం ధరించినవాడికి, ఆ రూపం ఏ మేరకు అంటుకుంటుంది? ద్విపాత్రాభినయం ఈ ప్రశ్నను అడగగలిగేది. అడగలేదు, ఒకే ముఖం అభిమానులకు కానుకగా మిగిలిపోయింది. రాజు గర్జన, నడక, హాస్యం కలసి భయానకాన్ని అద్భుతం వైపు తిప్పాయి. కాలక్షేపంగా ఆ చిత్రం తన పని చేసిందనడంలో నాకు అభ్యంతరం లేదు. మూలచిత్రం అంత శ్రమపడి మూసిన తలుపును మాత్రం అది ఒక్క తోపుతో తెరిచేసింది. 2023లో పి. వాసు 'చంద్రముఖి 2'తో పాత భవనానికే తిరిగి వెళ్ళారు. అక్కడ కూడా ఆత్మలే రాజ్యం చేశాయి.

ఈ కొనసాగింపుల్లో దేనిలోనూ గంగ లేదు. తనకు తెలియకుండా ఇతరుల ప్రాణాల మీదికి తెచ్చిన స్త్రీ, కోలుకున్న తరువాత ఆ సంగతిని ఎలా భరించింది? పనుల ఒత్తిడిలో భార్య మనసును పట్టించుకోని భర్త, ఆ భవనాన్ని తానే కొని తెచ్చినందుకు ఏమనుకున్నాడు? ఆమె మళ్ళీ ఒకరోజు పొరుగు భాషలో ఒక మాట పలికితే ఇంట్లోవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారా? జేమ్స్ సండర్‌లాండ్ కథకు సమానమైన మలికథ ఆ ఇంట్లోనే ఉంది.